రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా: గుంపుగా సైకిళ్ల మీద ఒక రోజు నడపడం ఎలా

కోనసీమకు సైకిళ్ల మీద వెళ్దాం అనగానే మొదట వినిపించే మాట, "అక్కడ ఎత్తులేమీ ఉండవుగా, సులువే." ఆ మాట నమ్మి బయలుదేరినవాళ్లు మధ్యాహ్నానికి ఆటో కోసం చూడటం నేను చాలాసార్లు చూశాను. కొండదారిలో ఎక్కినంతసేపు కష్టపడినా దిగేటప్పుడు కాళ్లకు తెరిపి దొరుకుతుంది. గోదావరి డెల్టాలో దిగుడనేదే లేదు. వంద కిలోమీటర్లూ తొక్కాల్సిందే. గంటల తరబడి సీటు మీద ఒకేచోట బరువు, హ్యాండిల్ మీద ఒకేచోట చేతులు. దానికి తోడు గాలి. కొండ ఎక్కేస్తే అయిపోతుంది, సముద్రపు గాలి మాత్రం పొద్దు వాలేదాకా ముఖం మీదే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది మూడు నాలుగు రోజుల యాత్రలో ఒక రోజు గురించి. పొద్దున్నే రాజమండ్రిలో బయలుదేరి, ధవళేశ్వరం బ్యారేజి దాటి, ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం మీదుగా సాయంత్రానికి అంతర్వేది చేరడం. వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే బాగుంటుంది, అంతకంటే ఎక్కువైతే రెండు జట్లుగా విడగొట్టండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషి అంతర్వేదిలో నవ్వుతూ సైకిల్ దిగితే ఆ రోజు బాగా జరిగినట్టు. మిగతావాళ్లు ఎంత వేగంగా చేరారన్నది నేను లెక్కలోకి తీసుకోను.

ఏ రోజుల్లో వెళ్లాలి

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. కోతల సమయంలో వెళ్తే సార్వా (వానాకాలం పంట) వరి కుప్పలు, రోడ్ల మీద ధాన్యం కనిపిస్తాయి. జనవరిలో వెళ్తే దాళ్వా (రెండో పంట) నాట్లు. నీళ్లు పెట్టిన మళ్లలో ఆకాశం కనిపిస్తూ ఉంటుంది, నాట్లు వేసే ఆడవాళ్లు తలెత్తి చెయ్యి ఊపుతారు. నాకైతే జనవరే ఇష్టం. నవంబర్‌లో తుపాను హెచ్చరిక ఉంటే మరో ఆలోచన లేకుండా వాయిదా వేయండి.

రెండు రోజులు మాత్రం తప్పించండి. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం అనే జాతర జరుగుతుంది, ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ జనమే. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథోత్సవం. ఆ రోజుల్లో పది సైకిళ్ల వరుసను ఆ రోడ్ల మీదికి తేవడం మీకూ కష్టం, భక్తులకూ ఇబ్బంది. తీర్థం చూడాలని ఉంటే సైకిళ్లు ఏదో ఒక ఊళ్లో పెట్టి నడిచి వెళ్లండి. చూడదగ్గదే.

ముందురోజు సాయంత్రం

అందరూ ఒకచోట కూడి సైకిళ్లు చూసుకోవాలి. ఎవరిది వాళ్లు చూసుకుంటే చాలదు, పక్కవాళ్లది కూడా చూడండి. ముందు చక్రం పైకెత్తి తిప్పండి, బ్రేకు ప్యాడ్‌కు రాసుకుంటోందా? బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు తోయండి, నిలబడుతోందా? టైరు మీద గాజు పెంకు, ముల్లు ఏమైనా గుచ్చుకుని ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. కాలువ గట్ల మీద తుమ్మ ముళ్లు ఎక్కువ. చైన్‌కు నూనె రాసి, పైన కారిన నూనెను గుడ్డతో తుడిచేయండి. తడి చైన్‌కు దుమ్ము పట్టుకుంటుంది.

సీటు ఎత్తు సరిచూడటం ఈ దారిలో మరీ ముఖ్యం. సైకిల్ మీద కూర్చుని, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాగాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు కిందికి ఉంటే యాభై కిలోమీటర్ల తర్వాత మోకాలు ముందు నొప్పి మొదలవుతుంది. కొండల్లో అయితే పైకి లేచి తొక్కుతాం కాబట్టి తప్పు దాగిపోతుంది, ఇక్కడ దాగదు.

సామాను అందరూ మోయక్కర్లేదు. ఒక్కొక్కరి దగ్గర సొంత కొలత ట్యూబు ఒకటి, రెండు నీళ్ల సీసాలు, వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు ఉండాలి. గుంపు మొత్తానికి రెండు పంపులు, టైర్ లివర్లు, ప్యాచ్‌లు, అలెన్ కీలు, చైన్ టూల్, ప్రథమ చికిత్స సంచి చాలు. వాటిలో సగం ముందు వెళ్లేవాళ్ల దగ్గర, సగం వెనక వచ్చేవాళ్ల దగ్గర పెట్టండి.

ఆ తర్వాత మనుషుల సంగతి. ముందు దారి చూపే మనిషిని లీడ్ అంటాం, అందరికంటే వెనక వచ్చే మనిషిని స్వీప్ అంటాం. చాలా బృందాలు బాగా తొక్కేవాళ్లను లీడ్‌గా పెడతాయి. అది తప్పని నా అభిప్రాయం. లీడ్‌కు కావలసింది నిలకడ. గడియారంలా ఒకే వేగంతో తొక్కే మనిషిని ముందు పెట్టండి. గుంపులో అందరికంటే బలమైన, ఓపికైన మనిషి స్వీప్‌గా ఉండాలి, ఎందుకంటే పంక్చర్ వేయాల్సింది, నీరసించినవాళ్లతో మాట్లాడుతూ రావాల్సింది, అవసరమైతే వాళ్ల ముందు గాలికి అడ్డంగా నిలిచి తొక్కాల్సింది ఆ మనిషే.

నేను మొదటిసారి నడిపిన రోజు వెనక ఎవరినీ పెట్టలేదు. కొత్తపేట దాటాక ఒకాయనకు పంక్చర్ అయింది. ఆయన దగ్గర పంపు లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. మేం అంబాజీపేటలో బొండాలు తాగుతూ తలలు లెక్కపెట్టుకునేసరికి ముప్పావుగంట దాటింది. ఆయన ఎండలో సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి స్వీప్ లేకుండా నేను సైకిల్ ఎక్కలేదు.

పడుకునే ముందు ఒక కాగితం మీద అందరి పేర్లు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు రాసి లీడ్‌కూ స్వీప్‌కూ చెరొకటి ఇవ్వండి. అంబులెన్స్‌కు 108 అని అందరికీ తెలుసు, కానీ ఫోన్ చేసినప్పుడు ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఉన్నామో చెప్పగలగాలి. అందుకే దారిలో వచ్చే ఊళ్ల పేర్లు వరసగా అందరి చేతా ఒకసారి చదివించండి.

తెల్లవారుజాము

డిసెంబర్, జనవరి నెలల్లో ఆరున్నరకు అటూఇటూ పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరులోపే కుంకుతుంది. మన చేతిలో ఉన్న వెలుగు పదకొండు గంటలు. నాలుగున్నరకు లేచి, అయిదింటికి రెండు అరటిపళ్లో రెండు ఇడ్లీలో తిని, టీ తాగి, ఆరింటికి లైట్లు వేసుకుని బయలుదేరండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. అలాగని ఆ వేళ పూరీలు తింటే ఆత్రేయపురం చేరేలోపే బరువు తెలుస్తుంది.

ప్యాడింగ్ ఉన్న సైకిల్ షార్ట్స్ వేసుకునేవాళ్లు లోపల వేరే బట్ట వేసుకోకూడదు, కుట్టు రాసుకుని పుండవుతుంది. తొడల మధ్య వాసెలీన్ గానీ కొబ్బరినూనె గానీ రాసుకోండి. కొత్తవాళ్లకు అడగడానికి మొహమాటంగా ఉంటుంది, కాబట్టి మీరే ముందుగా చెప్పండి.

మంచు బాగా కురిసి పది గజాల ముందు ఏమీ కనపడకపోతే ఆగండి. అరగంట ఆలస్యమైతే తర్వాత సర్దుకోవచ్చు. మంచులో ట్రాక్టరు ట్రక్కుకు వెనక లైటు ఉండకపోవచ్చు.

బ్యారేజి మీద నెమ్మదిగా

తొలి అరగంట కాళ్లు వేడెక్కడానికే. ధవళేశ్వరం చేరేదాకా గంటకు పదిహేను కిలోమీటర్లు దాటనివ్వకండి. ధవళేశ్వరం ఆర్మ్ (బ్యారేజిలో ఒక భాగం) దాటితే పిచ్చుకలంక, ర్యాలి ఆర్మ్ దాటితే బొబ్బర్లంక. బ్యారేజి మీద రోడ్డు ఇరుకు, పొద్దున్నే మోటారు సైకిళ్లు ఎక్కువ. ఒకరి వెనక ఒకరు వెళ్లండి, ఫొటోల కోసం మధ్యలో ఆగొద్దు. చూడాలనుకుంటే పిచ్చుకలంకలో పక్కకు దిగి చూడండి.

చూడాలి కూడా. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట ఇక్కడే ఉండేది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజిని 1970, 1982 మధ్య కట్టారు. గోదావరి ఇక్కడ గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య నేలే కోనసీమ. ఈ రోజంతా మీరు తొక్కే నేలకు నీళ్లిచ్చే మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలవుతుంది. నీళ్లు ఎవరూ తోడకుండా తమంతట తాముగా సముద్రం వైపు పారుతున్నాయి కాబట్టి, మీ కంటికి కనపడకపోయినా ఈ నేల కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంది. కాళ్లకు మాత్రం అది తెలియదు.

వరుసగా తొక్కడం

బొబ్బర్లంక దాటాక కాలువ పక్క రోడ్డు. ఇక్కడే గుంపుగా తొక్కడం సాధన చేయాలి, ఎందుకంటే గాలి ఇంకా లేవలేదు, తప్పు చేసినా దిద్దుకోవచ్చు.

ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఒక సైకిల్ పొడవు ఎడం. బాగా అలవాటైనవాళ్లు ఇంకా దగ్గరగా వస్తారు, ఈ రోడ్ల మీద అది వద్దు. మీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ రాకూడదు. వాళ్లు గుంతను తప్పించడానికి పక్కకు జరిగితే చక్రాలు తగులుకుంటాయి, పడేది వెనకవాళ్లే. చూపు ముందు చక్రం మీద కాకుండా ముందు మనిషి భుజాల మీదుగా దూరంగా ఉండాలి. చెప్పకుండా బ్రేకు వేయకండి. వేగం తగ్గించాలంటే ముందు తొక్కడం ఆపండి, అంతే చాలు.

పిలుపులు చిన్నవిగా పెట్టుకోండి: "గుంత", "బ్రేకర్", "వెనక బండి", "ఎదురు బండి", "ఆగుతున్నాం". ముందు మనిషి అన్నది ప్రతి ఒక్కరూ వెనక్కి అందించాలి. స్వీప్ "వెనక బండి" అంటే అదే మాట ముందుకు అందించాలి. పల్లెల్లో రంగు వేయని స్పీడు బ్రేకర్లు చాలా ఉంటాయి. పిలుపు మధ్యలో ఎక్కడ తెగిపోతే ఆ వెనకవాళ్లు పడతారు.

ముందు తొక్కేవాళ్లు అయిదు నిమిషాలకొకసారి మారాలి. ముందున్నవాళ్లకు అలసట తెలిసేదాకా ఆగకూడదు. వెనక వాహనం లేదని స్వీప్ చెప్పాక, ముందున్నవాళ్లు కొంచెం కుడికి జరిగి వేగం తగ్గిస్తారు, మిగతా వరుస ఎడమ పక్కనుంచి ముందుకు సాగిపోతుంది, వాళ్లు స్వీప్‌కు ముందు వచ్చి చేరతారు. కొత్తగా ముందుకొచ్చినవాళ్లు చేసే తప్పు ఒకటుంది: ఉత్సాహంతో వేగం పెంచేస్తారు. మీటరు ఉంటే దాన్ని చూసుకోండి, లేకపోతే కాళ్ల లయను అలాగే ఉంచండి. పొద్దుట పూట గంటకు పద్దెనిమిది సరిపోతుంది. నీరసంగా ఉన్నవాళ్ల వంతు వచ్చినప్పుడు ఒక నిమిషం ఉండి తప్పుకున్నా ఎవరూ ఏమీ అనకూడదు. ఆ సంగతి బయలుదేరే ముందే అందరి ముందూ చెప్పండి.

గేరు తేలికగా పెట్టి కాళ్లు చురుగ్గా తిప్పండి, నిమిషానికి ఎనభై చుట్లకు అటూఇటూ. బరువు గేరులో బలంగా తొక్కడం పొద్దున బాగానే ఉంటుంది, రాజోలు దగ్గర మోకాళ్లు పట్టేస్తాయి. పది నిమిషాలకొకసారి పెడళ్ల మీద లేచి నిలబడి ఇరవై లెక్కపెట్టి కూర్చోండి. లేచే ముందు "లేస్తున్నా" అనండి, లేచినప్పుడు సైకిల్ ఒక్క క్షణం వెనక్కి తగ్గినట్టవుతుంది. చేతులు హ్యాండిల్ మీద చోటు మారుస్తూ ఉండండి. వేళ్లు తిమ్మిరెక్కేదాకా ఆగితే ఆ తిమ్మిరి రెండు మూడు రోజులు వదలదు.

ఆత్రేయపురంలో పూతరేకులు తినకుండా ఎవరూ ముందుకు కదలరు, కదలక్కర్లేదు కూడా. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పలుచటి బియ్యపు పిండి నీళ్లతో రేకు తీసే చేతులను చూడండి. బెల్లం పూతరేకు ఒకటి తినండి, రెండో దానికి డబ్బా కట్టించుకోండి. ఆపైన లొల్ల లాకుల దగ్గర కాలువ చీలే చోట అయిదు నిమిషాలు ఆగి, ఎనిమిదిన్నర లోపు రావులపాలెం చేరితే రోజు సరిగ్గా నడుస్తున్నట్టు.

తినడం, తాగడం

రావులపాలెంలో అసలు టిఫిన్: ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు ఏదైనా. నూనె తక్కువగా, కడుపులో ముప్పావు వంతు. ఇది అరటికాయల మార్కెట్ ఉన్న ఊరు, ఒక్కొక్కరూ నాలుగేసి పళ్లు జేబుల్లో పెట్టుకోండి. అక్కడినుంచి ముప్పావుగంటకొకసారి ఏదో ఒకటి నోట్లో పడాలి: అరటిపండు, వేరుశనగ ఉండ, రెండు ఖర్జూరాలు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే, ఆ శక్తి కాళ్లకు చేరేసరికి అరగంట పడుతుంది.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. చలికాలం చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. ఒక సీసాలో మామూలు నీళ్లు, ఇంకో దానిలో ఓఆర్‌ఎస్. పొడి దొరకకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అంచు వరకే, కుప్పగా కాదు. కొబ్బరి బొండాలు దారంతా దొరుకుతాయి, అవి మంచివే, కానీ వాటిలో ఉప్పు తక్కువ. చెమట బాగా పట్టేవాళ్లు పక్కన ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగాలి.

ఆగినప్పుడు పదిహేను నిమిషాలు దాటనివ్వకండి, కండరాలు బిగుసుకుపోతాయి. ఇంకో సంగతి: గుంపు ఆగాక చివరి మనిషి వచ్చిన క్షణం నుంచి ఆ పదిహేను నిమిషాలు లెక్కించాలి. ముందు వచ్చినవాళ్లు విశ్రాంతి తీసుకుని, వెనకవాళ్లు రాగానే "పదండి" అనడం నేను చూసిన వాటిలో అన్నింటికంటే అన్యాయమైన అలవాటు.

ఆడవాళ్లు ఉన్న బృందమైతే మరుగుదొడ్డి ఎక్కడెక్కడ ఉందో ముందే చూసిపెట్టుకోండి. రావులపాలెం, రాజోలు లాంటి ఊళ్లలో పెట్రోలు బంకులు, పెద్ద హోటళ్లు ఆసరా. నీళ్లు తక్కువ తాగుదాంలే అని ఎవరూ అనుకునే పరిస్థితి రానివ్వకూడదు.

రోడ్డు మీద ధాన్యం

కోతల కాలంలో వెళ్తే రోడ్డులో సగం ధాన్యమే. రైతుకు ఆరబోయడానికి కళ్లం లేదు, తేమ శాతం తగ్గితే తప్ప ధాన్యం కొనరు. ఆ గింజల మీదుగా తొక్కకండి. ఒకటి, అది ఆయన ఆరు నెలల కష్టం. రెండు, గింజల మీద సైకిల్ చక్రం ఇసుక మీద జారినట్టు జారుతుంది. కుప్పల అంచుల్లో టార్పాలిన్ కదలకుండా పెద్ద రాళ్లు పెడతారు, మసక వెలుగులో అవి కనపడవు. ధాన్యం కనిపించగానే ముందున్న మనిషి "ధాన్యం" అని పిలిచి వేగం సగానికి తగ్గించాలి. ఎదురు బండి వస్తుంటే ఆగి, కాలు కింద పెట్టండి. మధ్యలో దూరే ప్రయత్నం వద్దు.

దాళ్వా సమయంలో ఇంకో ప్రమాదం, దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన బురద. పొడిగా ఉంటే ఎగుడుదిగుడు, మంచుకు తడిస్తే సబ్బులా ఉంటుంది. దాని మీద మలుపు తిప్పకుండా, బ్రేకు వేయకుండా నిటారుగా వెళ్లిపోండి. చేపల చెరువుల వైపునుంచి వచ్చే బండ్లు నీళ్లు కారుస్తూ పోతాయి, అక్కడా ఇంతే. కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు, కాలు విసరొద్దు. దిగి సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టి నడవండి, చాలావరకు అవి తగ్గిపోతాయి.

కొత్తపేట దాటాక ఒకసారి ధాన్యం తిరగేస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి అడిగారు.

"ఎందాకా బాబూ?"

"అంతర్వేది దాకానండి."

"సైకిళ్ల మీదే! దిగండి, మజ్జిగ తాగి పోదురుగాని."

పదకొండు మందికి ఇంట్లోంచి మజ్జిగ తెప్పించారు. ఇలాంటి పిలుపు వస్తే పది నిమిషాలు పోతాయని లెక్క చూసుకోకండి. మీ పట్టికలో ముందుగానే అరగంట ఇందుకోసం ఉంచండి. డబ్బులు ఇవ్వబోతే నొచ్చుకుంటారు. మేం ఆ రోజు ఆయనతోపాటు కాసేపు ధాన్యం తిరగేశాం.

పి.గన్నవరం దగ్గర

అంబాజీపేట కొబ్బరికాయల వ్యాపారానికి పేరున్న ఊరు. మార్కెట్ వేళల్లో లారీలు రోడ్డుకు అడ్డంగా ఉంటాయి, దిగి నడిపించుకోండి. పదకొండుకు పి.గన్నవరం చేరాలి. ఇక్కడ వైనతేయ పాయ మీద అక్విడెక్టు ఉంది. కింద ఏరు, దాని మీదుగా కాలువ. 1850ల్లో కట్టినది పాతది, పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఇక్కడికి దగ్గరలోని లంకల గన్నవరంలో, ఏ వేళ ఎవరు వచ్చినా వండి పెట్టేవారు. గోదావరి దాటి వచ్చిన బాటసారులకు ఆ ఇల్లే ఆసరా. మజ్జిగ ఇచ్చిన పెద్దాయన ఆ నేలవారే కదా అని ప్రతిసారీ ఇక్కడ అనుకుంటాను.

ఇది ఆరోగ్యం చూసుకునే చోటు కూడా. లీడ్, స్వీప్ ఇద్దరూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడగండి: మోకాలు ఎలా ఉంది, మూత్రం రంగు ఎలా ఉంది, ఎన్ని సీసాలు తాగారు? "బాగానే ఉన్నా" అన్న మాట మీద వదిలేయకండి, మొహమాటం మనలో ఎక్కువ. తల తిరుగుతోందన్నా, చలి వేస్తోందన్నా, మాట తడబడుతున్నా నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ పట్టండి. అరగంటలో తేరుకోకపోతే ఆ మనిషికి సైకిల్ ఆ రోజుకు చాలు. ఆటోలో రాజోలు పంపండి, ఒంటరిగా కాదు, తోడిచ్చి.

మధ్యాహ్నం గాలి

ఎండ ఎక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మనం వెళ్లేది దాదాపు నిట్టనిలువుగా దక్షిణానికి, గాలి వచ్చేది ఆగ్నేయం నుంచి. అంటే ముఖానికి కొంచెం ఎడమ పక్కగా తగులుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురు నుంచి 15 కిలోమీటర్ల గాలి వస్తే, ఒంటికి తగిలేది 35. గాలి అడ్డు ఆ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు మూడు రెట్లవుతుంది. పొద్దుటి వేగం పట్టుకుందామని చూసినవాళ్లే మలికిపురం దగ్గర కూలబడతారు.

అందుకే పన్నెండుంపావు కల్లా రాజోలు చేరి, ఎనభై కిలోమీటర్లు వెనకేసుకోవాలి. అన్నం, పప్పు, పెరుగు అరకడుపు తిని, రెండింటి దాకా నీడలో పడుకోండి. ఆవకాయ, వేపుళ్లు రాత్రికి ఉంచండి. నిద్ర పట్టకపోయినా కాళ్లు గోడకు ఎత్తి పెట్టుకుంటే చాలు.

చివరి పాతిక కిలోమీటర్లకు పద్ధతి మార్చండి. వేగం పదమూడుకు తగ్గించండి. ముందు మనిషి రెండు నిమిషాలకొకసారి మారాలి. రెండు గేర్లు దించండి. మోచేతులు వంచి నడుము కొంచెం వాల్చండి, జెర్సీ జిప్పు మూసుకోండి. అందరికంటే అలసినవాళ్లను వరుసలో మూడో చోట, నాలుగో చోట ఉంచండి, అక్కడ గాలి బాగా తక్కువ. చివరన ఉంచితే తాడు తెగినట్టు వెనకబడిపోతారు.

ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పాలి. గాలి ఎడమ పక్కనుంచి వస్తే, గాలి తగలని చోటు ముందు మనిషికి వెనక కుడివైపు ఉంటుంది. తెలియకుండానే అందరూ కుడికి జరుగుతూ రోడ్డు మధ్యకు పరుచుకుంటారు. అటువైపే లారీలు, బస్సులు. పోటీల్లో అలా ఏటవాలుగా తొక్కడం చూసి ఇక్కడ చేయబోతే ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం గాలి తగిలినా సరే, తెల్ల గీత పక్కనే వరుసగా ఉండండి. లారీ దాటేటప్పుడు గాలి ఒక్కసారి ఆగి మళ్లీ కొడుతుంది, ఆ కుదుపుకు హ్యాండిల్ వదులుగా, రెండు చేతులతో పట్టుకుని ఉండండి.

పంక్చర్లు కూడా ఈ వేళలోనే ఎక్కువ అవుతాయి, అలసటలో కళ్లు ముల్లును చూడవు. పంక్చర్ అయితే అందరూ రోడ్డు దిగి ఆగండి. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా వేలితో తడమండి. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరు కూడా పోదు.

నీరసించినవాళ్లతో మాట్లాడుతూ ఉండండి. ఎంత దూరం ఉందో అబద్ధం చెప్పొద్దు. "ఇంకొంచెమే" అనడం కన్నా "ఇంకా తొమ్మిది కిలోమీటర్లు, మనకు రెండు గంటల వెలుగుంది" అనడం మేలు. లెక్క తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

చేరాక

నాలుగున్నర ప్రాంతంలో అంతర్వేది. స్వీప్ వచ్చేదాకా ఎవరూ గదులకు వెళ్లకండి, అందరూ నిలబడి చివరి మనిషికి ఎదురువెళ్లండి. చేరిన అరగంటలో పాలో, అరటిపండో, ఆత్రేయపురంలో డబ్బా కట్టించుకున్న పూతరేకులో తినండి. స్వామి దర్శనం చేసుకునేవాళ్లు స్నానం చేసి వెళ్లండి. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడటానికి వెలుగుండగానే వెళ్లి రండి, లోతు తెలియని నీళ్లలో దిగకండి. అలసిన కాళ్లు ప్రవాహానికి నిలవవు.

ఉప్పుగాలికి చైన్ ఒక్క రాత్రిలో తుప్పు పట్టడం మొదలవుతుంది. తడి గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేసి, సైకిళ్లు లోపల పెట్టండి. తడిసిన షార్ట్స్ ఉతికి ఆరేయండి. మర్నాడు సఖినేటిపల్లి రేవులో సైకిళ్లతో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం దాటాలనుకుంటే, మొదటి పంటు ఎన్నింటికో, అసలు నడుస్తోందో లేదో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి. నడవకపోతే దిండి, చించినాడ వంతెన మీదుగా వెళ్లాలి, అప్పుడు పొద్దున ఒక గంట ముందు లేవాలి. ఆ సంగతి అన్నాల దగ్గరే అందరికీ చెప్పి, రేపటి లీడ్ ఎవరో, స్వీప్ ఎవరో తేల్చేసి పడుకోండి.